ఇంట్లోనే గాలం రాడ్ కట్టుకునే కిట్: బ్లాంక్‌కి ఫుల్ మార్కులు, కాగితానికి సున్నా

ముందే తేల్చి చెప్పేస్తాను. రాడ్ కట్టడం నేర్చుకోవాలని ఉంటే ఈ కిట్ కొనొచ్చు. డబ్బు మిగులుతుందని మాత్రం కొనకండి. ఇదే పొడవు, ఇదే పవర్ ఉన్న రాడ్ షాపులో తయారుగా దొరికేదే చవక. పెట్టెలో వచ్చే సామాన్లలో కొన్ని చాలా మంచివి, కొన్నింటితో సర్దుకోవచ్చు, కొన్ని తీసి పక్కన పెట్టి వేరేవి తెచ్చుకోవాల్సిందే. ఏది ఏ రకమో చెప్పడానికే ఇంత పొడుగు రాస్తున్నాను.

నా పని మోటార్ వైండింగ్. కాలిపోయిన కాయిల్ విప్పడం, కొత్త రాగి తీగ చుట్టడం, వార్నిష్ పోసి ఆరబెట్టడం. కాబట్టి దారం చుట్టడమన్నా, జిగురు కలపడమన్నా నాకు భయం లేదు. చుట్టు పక్కన చుట్టు సరిగ్గా పడకపోతే మాత్రం నిద్ర పట్టదు. ఆ చాదస్తం ఇందులో కనిపిస్తుంది, కాస్త ఓర్చుకోండి.

రాడ్ కొనుక్కోకుండా ఎందుకు కట్టుకున్నావంటే, నా చేతులు పొడుగు. తయారు రాడ్లలో రీల్ సీట్ (రీల్ బిగించే చోటు) వెనకుండే పిడి నా మోచేతి దాకా రాదు, ముంజేతి మధ్యలో ఎక్కడో ఆగిపోతుంది. బరువైన చేప లాగినప్పుడు ఆ చివర అక్కడే గుచ్చుకుంటుంది. పిడి పొడవు మన చేతి కొలతకి పెట్టుకోవాలంటే రాడ్ మనమే కట్టుకోవాలి, లేదా కట్టేవాళ్లకి చెప్పి చేయించుకోవాలి. నేను మొదటిది ఎంచుకున్నాను.

కిట్ 7 అడుగుల స్పిన్నింగ్ రాడ్‌ది. రెండు ముక్కల కార్బన్ బ్లాంక్ (ఇంకా ఏమీ తగిలించని ఉత్త కర్ర), మీడియం పవర్, ఫాస్ట్ యాక్షన్. దాంతో పాటు కార్క్ పిడి, రీల్ సీట్, ఆరు గైడ్లు (లైను దూరి వెళ్లే రింగులు), కొన రింగు, రెండు రంగుల నైలాన్ దారం, పేస్టులాంటి ఎపాక్సీ జిగురు, దారం మీద పూసే ఎపాక్సీ ఫినిష్, కొలత కప్పులు, బ్రష్షులు, దారం చుట్టుకోవడానికి చెక్క స్టాండు, ఆరబెట్టేటప్పుడు రాడ్‌ని తిప్పే చిన్న మోటార్, నాలుగు పేజీల సూచనల కాగితం.

బ్లాంక్ సంగతి ముందు. రాడ్ అంటే అసలు బ్లాంకే, మిగతావన్నీ దానికి తగిలించేవి. పవర్ అంటే వంచడానికి ఎంత బలం కావాలో చెప్పేది, యాక్షన్ అంటే ఎక్కడ వంగుతుందో చెప్పేది. ఫాస్ట్ అంటే పై భాగమే ఎక్కువగా వంగుతుంది, కింద గట్టిగా ఉంటుంది. ఈ రెండూ కలిపి చూసే అలవాటు చాలామందికి ఉంది కానీ రెండూ వేరు. కార్బన్‌లో కూడా గ్రేడ్లున్నాయి. 24 టన్, 30 టన్, 40 టన్ అని రాస్తుంటారు. సంఖ్య పెరిగేకొద్దీ ఆ నార బిగువు ఎక్కువ, అదే బిగువుకి తక్కువ సామగ్రి సరిపోతుంది కాబట్టి రాడ్ తేలికవుతుంది. కానీ గోడ పల్చబడుతుంది, పడవ అంచుకో రాయికో తగిలితే తట్టుకోదు. పెద్ద సంఖ్య ఉంటే మంచి రాడ్ అనుకోవడం తప్పు. ఈ కిట్‌లోది మధ్యరకం గ్రేడు, మొదటి రాడ్‌కి అదే నయం. చేతులు మారి, టేబుల్ మీద దొర్లి, పట్టకారు తగిలి కూడా నిలబడాలి కదా.

రెండు ముక్కలూ టేబుల్ మీద దొర్లించి చూశాను. కింది ముక్క సూటిగా ఉంది. పై ముక్క కొన దగ్గర కొంచెం ఒక పక్కకి లాగుతోంది. ఇది లోపం కాదు. బ్లాంకులు దాదాపు ఏవీ నూటికి నూరుపాళ్లు సూటిగా ఉండవు. వంపు ఎటువైపు ఉందో చూసుకుని గైడ్లు పెడితే, ఆ బరువుకీ మన కంటి చూపుకీ అది కలిసిపోతుంది.

ఇక్కడే స్పైన్ గొడవ వస్తుంది. కార్బన్ గుడ్డని మాండ్రెల్ అనే లోహపు కడ్డీ మీద చుట్టి బ్లాంక్ చేస్తారు కాబట్టి చుట్టు మొదలూ చివరా కలిసే చోట ఒక పక్క కాస్త గట్టిగా ఉంటుంది. ముక్క అడుగుని టేబుల్ మీద ఆనించి, కొనని అరచేతిలో పట్టుకుని మధ్యలో నొక్కి దొర్లిస్తే ఒక చోట అది టక్కున తిరిగి కుదురుకుంటుంది. అదే స్పైన్. గైడ్లు దాని ప్రకారమే పెట్టాలని, లేకపోతే చేప లాగేటప్పుడు రాడ్ చేతిలో మెలి తిరుగుతుందని సూచనల కాగితం గట్టిగా చెప్తోంది. నేను ఒప్పుకోను. క్యాస్టింగ్ రాడ్‌కి గైడ్లు పైన ఉంటాయి, లైను బరువుతో అది ఎలాగూ తిరగబోతుంది, స్పైన్ ఎటు ఉన్నా సరే. స్పిన్నింగ్ రాడ్‌కి గైడ్లు కింద వేలాడుతాయి కాబట్టి ఆ సమస్యే లేదు. అందుకని నేను స్పైన్ పక్కన పెట్టి, రాడ్ ఏ వైపు నుంచి సూటిగా కనిపిస్తుందో ఆ వైపు ఎంచుకున్నాను. అనుభవం ఉన్న బిల్డర్లలోనూ ఈ విషయంలో రెండు వర్గాలున్నాయి. మీరు ఏ వర్గంలో చేరినా రాడ్ మాత్రం పనిచేస్తుంది.

కార్క్ పిడి చూసి మాత్రం మనసు కాస్త చివుక్కుమంది. కార్క్ అంటే కార్క్ ఓక్ చెట్టు బెరడు. ప్రపంచంలో సగానికి దగ్గరగా పోర్చుగల్‌లోనే తీస్తారు. చెట్టుని కొట్టరు, బెరడు మాత్రం ఒలుస్తారు. మళ్లీ ఒలవాలంటే సాధారణంగా తొమ్మిదేళ్లు ఆగాలి. మంచి కార్క్ ఖరీదు ఎందుకు అంత ఉంటుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. కిట్‌లో వచ్చినదానికి గుంటలు ఎక్కువ. గుంటల్లో ఫిల్లర్ నింపి రుద్దేశారు కాబట్టి పైకి నున్నగా కనిపిస్తుంది, నాలుగుసార్లు తడిసి ఆరితే ఆ ఫిల్లర్ రాలడం మొదలవుతుంది. నాది ఇప్పటికే రెండు చోట్ల రాలింది. పిడి కోసం పెద్దగా ఖర్చు పెట్టనివాళ్లు ఈవీఏ అనే రబ్బరులాంటి ఫోమ్ తీసుకోవడం మేలు. అంత అందంగా ఉండదు, కానీ గుంటల బాధ లేదు.

పిడి లోపలి రంధ్రం బ్లాంక్ మందానికి సరిపోయేలా పెంచుకోవాలి. దానికి రీమర్ ఇచ్చారు, చివర సన్నగా మొదట్లో లావుగా ఉండే పుల్ల మీద గరుకు రాళ్లు అంటించినది. పని చేస్తుంది కానీ రాళ్లు ఊడిపోతున్నాయి. దానికన్నా విరిగిపోయిన పాత రాడ్ ముక్కకి ఎమరీ పేపర్ పట్టీ చుట్టి వాడితే బాగుంటుంది, ఎందుకంటే ఆ ముక్క సన్నబడే తీరు మన బ్లాంక్‌లాగే ఉంటుంది. కొద్దికొద్దిగా రుద్దుతూ, బ్లాంక్ మీదికి ఎక్కించి చూస్తూ పోవాలి. తొందరపడి ఒక్కసారే లావు రంధ్రం చేస్తే పిడి వదులైపోతుంది, దాన్ని మళ్లీ చిన్నది చేసే మార్గం లేదు.

రీల్ సీట్ బాగుంది. గ్రాఫైట్ బాడీ, పై పూత ఊడట్లేదు, మర తిప్పితే గట్టిగా కూర్చుంటోంది, రీల్ పాదం కింద వదులు లేదు. కానీ దాని లోపలి వ్యాసం బ్లాంక్ కంటే బాగా ఎక్కువ, ఆ ఖాళీ నింపాలి. అందుకు కిట్‌లో మాస్కింగ్ టేప్ ఇచ్చారు. టేప్‌తో చెయ్యొచ్చు, చాలామంది అలాగే చేస్తారు. కాకపోతే టేప్‌ని ఒకే పొడుగాటి కట్టలా చుట్టకూడదు. సన్నని పట్టీలుగా చుట్టి మధ్యలో ఖాళీలు వదలాలి. ఆ ఖాళీల్లో జిగురు నిండి ఒకవైపు బ్లాంక్‌నీ మరోవైపు సీట్‌నీ పట్టుకుంటుంది. నీళ్లు ఎప్పటికైనా టేప్‌ని నాశనం చేస్తాయి, అప్పుడు సీట్‌ని నిలబెట్టేది ఆ జిగురే. ఈ ఒక్క మాట కాగితంలో లేదు. ఆ ఖాళీ నింపే ఫోమ్ ఆర్బర్లు విడిగా దొరుకుతాయి, ఈ పని తెలిసినవాళ్లు అవే వాడమంటారు.

పిడి పొడవు కొలుచుకోవడం ఎలాగంటే, మోచేయి వంచి, రీల్ పాదం వేళ్ల మధ్యకి వచ్చేలా సీట్‌ని పట్టుకోండి. ఎవరినైనా పిలిచి పిడి చివర మోచేతి కింద ఎంత దాటాలో గుర్తు పెట్టించండి. నేను మోచేయి దాటి నాలుగు వేళ్ల వెడల్పు అదనంగా పెట్టుకున్నాను. రెండు చేతులతో విసిరేటప్పుడు ఎడమ చేతికి పట్టు దొరుకుతుంది. ఈ ఒక్క సుఖం కోసమే నేను ఈ పని మొదలుపెట్టాను, అది పూర్తిగా దక్కింది.

ఇప్పుడు గైడ్లు. కిట్‌లో నాకు అసలు కోపం వచ్చింది ఇక్కడే. 7 అడుగుల రాడ్‌కి ఆరే గైడ్లిచ్చారు. బిల్డర్లలో ఒక మోటు లెక్క ఉంది, రాడ్ పొడవు ఎన్ని అడుగులో దానికి ఒకటి కలిపినన్ని గైడ్లు, కొన రింగు దీనికి అదనం. ఆ లెక్కన ఎనిమిది కావాలి. మోటు లెక్కే కాబట్టి ఏడుతో సరిపెట్టుకోవచ్చు. ఆరు మాత్రం తక్కువ. అందులోనూ కాగితంలో ఒక పట్టిక ఇచ్చి, కొన నుంచి ఇన్ని అంగుళాలకి ఒకటి, ఇన్ని అంగుళాలకి ఒకటి అని రాశారు. ఆ పట్టిక ఏ బ్లాంక్ కోసం తయారుచేశారో తెలీదు, ఈ బ్లాంక్ కోసం మాత్రం కాదు.

ఎలా తెలుసుకున్నానంటే, లోడ్ టెస్ట్ చేశాను. ప్రతి గైడ్‌నీ దారంతో కట్టకుండా ముందు సన్నని రబ్బరు ట్యూబు ముక్కలతో బ్లాంక్‌కి పట్టించాలి, జరపడానికి వీలుగా. పిడిని టేబుల్ అంచుకి బిగించి, రీల్ నుంచి లైను గైడ్లలోంచి తీసి, కొన బయటికి వచ్చాక ఏదైనా బరువుకి కట్టి, రాడ్ బాగా వంగేదాకా లాగాలి. అప్పుడు పక్క నుంచి చూడండి. లైను బ్లాంక్ వంపుతో పాటే వంగుతూ పోవాలి. రెండు గైడ్ల మధ్య లైను తిన్నగా గీతలా కనిపించి బ్లాంక్ దూరంగా వంగి ఉంటే, అక్కడ గైడ్లు దూరంగా ఉన్నట్టు. అక్కడే బ్లాంక్ మీద ఒత్తిడి ఒక్కచోటికి చేరుతుంది. నాకు పట్టిక ప్రకారం పెట్టినప్పుడు మూడో గైడ్‌కీ నాలుగో గైడ్‌కీ మధ్య అలాగే కనిపించింది. విడిగా ఒక గైడ్ తెచ్చి కలిపి, కొన వైపు దగ్గర దగ్గరగా, కింది వైపు దూరం దూరంగా జరుపుకుంటూ వెళ్తే వంపు కుదిరింది. ఈ జరుపుడుకి ఓపిక కావాలి, కానీ రాడ్ కట్టే పనిలో నాకు అన్నిటికన్నా బాగా నచ్చిన ఘట్టం ఇదే. అర అంగుళం జరిపితే వంపు మారడం కళ్ల ముందే కనిపిస్తుంది.

స్పిన్నింగ్ రీల్‌కి ఇంకో లెక్క కూడా ఉంది. రీల్‌లో లైను చుట్టి ఉండే స్పూల్ మీద నుంచి అది ఉంగరాలుగా ఊడి వస్తుంది, ఆ ఉంగరాల్ని క్రమంగా అణచాలి. అందుకే పిడి దగ్గరి గైడ్ పెద్దది, పైకి వెళ్లేకొద్దీ చిన్నవి. జపాన్ కంపెనీ ఫుజీ వాళ్ల న్యూ గైడ్ కాన్సెప్ట్ పద్ధతిలో స్పూల్ నడిమి ఇరుసు గీతని ముందుకు పొడిగించి, అది బ్లాంక్‌ని తాకే చోటు చూస్తారు. ఉంగరాలు అక్కడికి వచ్చేసరికి అణగిపోవాలి, ఆ తర్వాతవన్నీ ఒకే సైజు చిన్న గైడ్లు. అంటే మీ రీల్ మారితే గైడ్ల చోటూ మారాలి. అచ్చు వేసిన పట్టిక అన్ని రీళ్లకీ పనికిరాకపోవడానికి ఇదొక కారణం. ఏ రీల్ వాడతారో అదే బిగించి టెస్ట్ చెయ్యండి.

గైడ్ల నాణ్యత ఫర్వాలేదు. స్టెయిన్‌లెస్ ఫ్రేము, అల్యూమినియం ఆక్సైడ్ రింగు. నైలాన్ లైనుకి ఇవి చాలు. అల్లిక లైను, అంటే బ్రెయిడ్, వాడేవాళ్లు సిలికాన్ కార్బైడ్ రింగులకి మారడం మంచిది, అవి ఇంకా గట్టివి, వేడిని త్వరగా వదిలేస్తాయి. ఏవైనా సరే, కట్టే ముందు ప్రతి రింగులోంచి దూది పుల్ల ఒకటి తిప్పి తీయండి. రింగుకి సన్నని పగులుంటే దూది నారలు అక్కడ చిక్కుకుంటాయి. కంటికి కనిపించని పగులు కూడా లైనుని కోసేస్తుంది. నా పెట్టెలో ఒక గైడ్‌కి దూది అంటుకుంది, దాన్ని పక్కన పారేశాను.

గైడ్ కాళ్ల చివర్లు మొద్దుగా ఉన్నాయి. దారం బ్లాంక్ మీద నుంచి కాలు మీదికి ఎక్కేచోట మెట్టులా ఉంటే దారం జారిపోతుంది, లేదా చుట్ల మధ్య ఖాళీ పడుతుంది. సన్న ఆకురాయితో చివరని ఏటవాలుగా, కత్తి మొనలా కాకుండా, రుద్దుకోవాలి. అడుగున పదును అంచు ఉంటే అదీ తీసేయాలి, లేకపోతే రాడ్ వంగినప్పుడల్లా బ్లాంక్‌ని గీరుతుంది. ఖరీదైన గైడ్లకి ఇది చాలావరకు కంపెనీలోనే చేసేస్తారు. ఇక్కడ మనమే చేసుకోవాలి.

కొన రింగు గురించి ఒక్క మాట. దాని గొట్టం సైజుని అంగుళంలో 64వ వంతుల లెక్కన చెప్తారు. 5 అంటే 5/64 అంగుళం. కిట్‌లోది సరిగ్గా సరిపోయింది. దాన్ని ఎపాక్సీతో అంటించమని కాగితం చెప్తోంది, దయచేసి ఆ పని చెయ్యకండి. వేడి చేస్తే కరిగే జిగురు కడ్డీతో అంటించండి. ఎక్కువగా దెబ్బతినేది కొన రింగే. రేపు అది పగిలితే గొట్టాన్ని కొంచెం వేడి చేసి తీసేయొచ్చు. ఎపాక్సీ అయితే అది వదిలేదాకా వేడి పెట్టాలి, ఆ వేడికి బ్లాంక్ కొన చెడుతుంది.

దారం దగ్గరికి వచ్చాం, ఇది నా సొంత ఊరులాంటిది. రాడ్ దారాల్లో A సైజు సన్నది, D సైజు లావుది. కిట్‌లో A సైజు ఇచ్చారు, ఈ రాడ్‌కి అదే సరైనది. చుట్టే పద్ధతి చూడ్డానికి తేలిక. దారం చివరని బ్లాంక్ మీద ఆనించి, దాని మీదుగా ఐదారు చుట్లు వేసి, ఆ చివరని కోసేసి, రాడ్‌ని తిప్పుకుంటూ గైడ్ వైపు వెళ్లడం. చివర్లో ఇంకో ఐదారు చుట్లు మిగిలినప్పుడు వేరే దారాన్ని మడిచి ఉచ్చులా పెట్టి, దాని మీదుగా చుట్లు పూర్తిచేసి, అసలు దారం కొసని ఉచ్చులో దూర్చి లాగితే కొస చుట్ల కిందకి వెళ్లిపోతుంది. ముడి ఎక్కడా ఉండదు. ఉచ్చుకి కిట్‌లోని దారం కాకుండా సన్నని బ్రెయిడ్ లైను ముక్క వాడండి, తెగదు, జారుగా వస్తుంది.

కష్టమంతా బిగువులోనే. దారం మరీ గట్టిగా చుడితే గైడ్ కాలు బ్లాంక్‌లోకి నొక్కుకుపోతుంది, పల్చటి కార్బన్ గోడకి అది మంచిది కాదు. వదులుగా చుడితే గైడ్ కదులుతుంది. సరైన బిగువు అంటే, చుట్టడం అయ్యాక బొటనవేలితో గట్టిగా తోస్తే గైడ్ కొద్దిగా పక్కకి జరగాలి, దానంతటది మాత్రం జరగకూడదు. ఆ కొద్ది జరుపుడుతోనే అన్ని గైడ్లనీ కొన నుంచి చూసి ఒకే వరసలోకి తెచ్చుకుంటాం. కిట్‌లోని స్టాండుకి దారం బిగువు పెట్టడానికి స్ప్రింగు, రెండు బిళ్లలు ఉన్నాయి. రాడ్ ఆనే వీ ఆకారపు చెక్కలకి మెత్తటి గుడ్డ అంటించారు. చూడ్డానికి చౌకగా ఉన్నా బాగా పనిచేస్తుంది. స్ప్రింగు మర కొంచెం తిప్పితే బిగువులో తేడా చేతికి తెలుస్తోంది. కుట్టు మిషన్ దారం బిగువు సరిచేసినవాళ్లకి వెంటనే అలవాటైపోతుంది.

చుట్టాక గుండ్రటి నున్నని వస్తువేదైనా, పెన్ను మూత లాంటిది, తీసుకుని చుట్ల మీద రుద్దితే ఖాళీలు మూసుకుంటాయి. వెలుగుకి ఎదురుగా పట్టి చూడండి. గైడ్ కాలు మొదలయ్యే చోట, దానికి రెండు పక్కలా, దారం పైకి లేచి చిన్న సొరంగంలా ఏర్పడుతుంది. ఎంత చుట్టినా ఆ సొరంగం పోదు, దాన్ని ఫినిష్‌తో నింపాలి. పైన ఏవైనా నూగు నారలు లేచి ఉంటే లైటర్ మంటని చటుక్కున పక్కనుంచి పోనిస్తే అవి కాలిపోతాయి. మంట ఆగకూడదు.

రంగుల విషయం. కిట్‌లోది మామూలు నైలాన్ దారం. ఎపాక్సీ తగలగానే ఇది సగం పారదర్శకమైపోతుంది, రంగు బాగా ముదురుతుంది, కింద గైడ్ కాలు కనిపిస్తుంది. తెల్ల దారమైతే దాదాపు మాయమైపోతుంది. నీలం దారం రీలు మీద ఎంత బాగుందో చూసి మురిసిపోకండి, రాడ్ మీద అది నలుపుకి దగ్గరగా వస్తుంది. రంగు అలాగే ఉండాలంటే ఎన్‌సీపీ అనే రకం దారం కొనాలి, లేదా ముందు కలర్ ప్రిజర్వర్ పూయాలి. పూస్తే దారంలోకి ఎపాక్సీ ఇంకదు, పైపైనే ఉంటుంది. నాకు ఆ ముదురు రంగే నచ్చింది, ఏమీ పూయలేదు. ఎపాక్సీ దారంలోకి ఇంకి పట్టుకుంటేనే నా మనసుకి హాయి, వైండింగ్‌లో వార్నిష్ లోపలికి దిగకపోతే ఏమవుతుందో చూసినవాణ్ని.

ఫినిష్ రెండు సీసాలు, రెజిన్, హార్డెనర్, సమాన కొలత. కొలత కప్పులు ఇచ్చారు, వాటితో కొలవకండి. ఇంత చిన్న పరిమాణంలో కప్పు గోడకి అంటుకునేదే ఎక్కువ, ఒకటి కాస్త తగ్గితే ఫినిష్ ఎన్నాళ్లైనా జిగటగానే ఉండిపోతుంది. రెండు సిరంజిలు తీసుకుని దేనికదే వాడండి, సూది అక్కర్లేదు. ఒక్కోటి 3 మిల్లీలీటర్లకి తగ్గకుండా తీసుకుంటే చిన్న తేడా పెద్దది కాదు, మిగిలితే మిగిలింది. సిరంజిలకి గుర్తు పెట్టుకోండి, సీసా మూతలు తారుమారైతే రెండూ అంటుకుపోయి మళ్లీ రావు. చలికి రెజిన్ తెల్లగా గడ్డకట్టినట్టు కనిపిస్తే చెడిపోయిందనుకోకండి, సీసాని వేడినీళ్ల గిన్నెలో పెడితే మళ్లీ తేటగా అవుతుంది.

నెమ్మదిగా కలపాలి. గిలకొడితే గాలి బుడగలు చేరతాయి. కలిపాక అల్యూమినియం రేకు మీద పల్చగా పోసేస్తే రెండు లాభాలు. ఎపాక్సీ గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, కప్పులో ఒకేచోట ఉంటే ఆ వేడికే ఇంకా త్వరగా గట్టిపడుతుంది. పల్చగా ఉంటే వేడి బయటికి పోయి పనికి సమయం దొరుకుతుంది, బుడగలూ పైకి వచ్చి పగులుతాయి. దారం మీద పూశాక ఇంకా బుడగలుంటే స్పిరిట్ దీపం మంటని చకచకా దాటిస్తే ఎపాక్సీ పల్చబడి బుడగలు పోతాయి. బ్రష్షులు మాత్రం దరిద్రం. ప్రతి గైడ్ దగ్గరా ఒక వెంట్రుక రాలి ఫినిష్‌లో ఇరుక్కుంది, పట్టకారుతో తీయాల్సి వచ్చింది. బొమ్మలేసేవాళ్ల చిన్న కుంచె కొనుక్కోండి.

ఒకే మందపాటి పూత కన్నా రెండు పల్చటి పూతలు మేలు. మొదటిది దారంలోకి ఇంకి, ఆ సొరంగాల్ని నింపడానికి. రెండోది నునుపు కోసం. రాడ్ మీదకానీ చేతికి కానీ సిలికాన్ స్ప్రే, నూనె ఏదైనా తగిలి ఉంటే ఫినిష్ అక్కడ పరుచుకోకుండా చుక్కచుక్కగా విడిపోతుంది. అందుకే ముందు స్పిరిట్‌తో తుడవాలి.

పూత పూశాక రాడ్ తిరుగుతూనే ఉండాలి, ఆగితే ఎపాక్సీ కిందికి జారి బొట్టు కడుతుంది. దానికే మోటార్. మోటార్ చూసి మూత విప్పకుండా నేను ఉండలేను. లోపల చిన్న సింక్రనస్ మోటారు, దానికి గేర్లు. నిమిషానికి ఐదారు చుట్లు తిరుగుతుంది. ఈ రకం మోటారుకి ఒక వింత గుణం ఉంది. స్విచ్చి వేసిన ఆ క్షణంలో కరెంటు అల ఎక్కడుందో దాన్నిబట్టి ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి మొదలవుతుంది. అడ్డం తగిలితే వెనక్కి తిరుగుతుంది. పాడైందని కంగారు పడి వాపసు పంపకండి. ఆరబెట్టడానికి ఎటు తిరిగినా ఒకటే. రాత్రంతా తిప్పినా వేడెక్కలేదు, చప్పుడు లేదు. కిట్‌లో బ్లాంక్ తర్వాత డబ్బుకి తగ్గ వస్తువు ఇదే. రాడ్‌ని పట్టుకునే మూడు మరల బిగింపు మాత్రం పిడి మీద గాట్లు పెడుతుంది, మధ్యలో గుడ్డ చుట్టండి. కరెంటు పోతే చేత్తో కొన్ని నిమిషాలకోసారి సగం చుట్టు తిప్పితే సరిపోతుంది.

కాగితంలో లేనివి ఇంకో రెండు, ఇవి ఉండి తీరాల్సినవి. ఎపాక్సీ హార్డెనర్ చర్మానికి పదేపదే తగిలితే అలర్జీ మొదలవుతుంది, ఒకసారి మొదలైతే ఇక ఆ పదార్థం జోలికి వెళ్లలేం. నైట్రైల్ గ్లవుజులు వేసుకోవాలి. ఇక రెండోది నా వృత్తివాడిగా చెప్తున్నాను. కార్బన్ కరెంటుని ప్రవహింపజేస్తుంది. ఎండు చెక్క కర్రలా అది రక్షణ ఇవ్వదు. 7 అడుగుల రాడ్ ఎత్తి విసిరేటప్పుడు పైన తీగలున్నాయేమో చూసుకోవాలి, ఉరుములు వినిపిస్తే రాడ్ కింద పెట్టి దూరం జరగాలి. ఇంత ముఖ్యమైన మాటకి నాలుగు పేజీల్లో ఒక్క వాక్యం లేదు, కంపెనీ లోగో మాత్రం ప్రతి పేజీలో ఉంది.

వాడకం ఎలా ఉందంటే, బాగుంది. విసురు సాఫీగా వెళ్తోంది, చేప ఎరని తాకే చిన్న తడుముడు కూడా పిడిలో తెలుస్తోంది. పిడి పొడవు పెంచినందుకు వెనక బరువు పెరిగి, రీల్ బిగించాక రాడ్ సీట్ దగ్గరే తూగుతోంది. కొన కిందికి వాలకపోవడం వల్ల మణికట్టు నొప్పి తగ్గింది. ఫినిష్ మీద గైడ్ కాళ్ల చివర్లలో సన్నని తెల్ల గీతలు రెండు కనిపించాయి. రాడ్ వంగినప్పుడు కాలు వంగదు, ఎపాక్సీ అక్కడ చిట్లుతుంది, ఇది చూడ్డానికి బాగోదు కానీ గైడ్ ఊడదు.

ఒక్క విషయంలో మాత్రం కిట్ వాళ్లని క్షమించలేను. పై ముక్క కింది ముక్క మీద తొడుక్కునే చోట, ఆ నోటి అంచుకి దారం చుట్టాలని వాళ్లు ఎక్కడా రాయలేదు. బరువు పడినప్పుడు నోరు విచ్చుకోకుండా ఆపేది ఆ చుట్టే. గైడ్ ఏదీ అక్కడ లేదు కాబట్టి కొత్తవాళ్లు వదిలేస్తారు, మొదటి పెద్ద చేపకే బ్లాంక్ నిలువునా చీలుతుంది. కాగితం ఏం చెప్పినా ఆ అంచు నుంచి ఓ అంగుళం మేర గట్టిగా దారం చుట్టి, ఫినిష్ పూయండి. ముక్కలు కలిపే ముందు కొవ్వొత్తి మైనం కొద్దిగా రాస్తే పట్టు బాగుంటుంది, విడదీయడమూ తేలిక.

రెండో రాడ్ మొదలుపెట్టాను. ఈసారి కిట్ కొనలేదు. మోటార్, స్టాండు ఎలాగూ ఉన్నాయి. బ్లాంకు విడిగా, సిలికాన్ కార్బైడ్ గైడ్లు ఎనిమిది విడిగా, పిడికి ఈవీఏ. దారం మాత్రం ఈ కిట్‌లో మిగిలిందే వాడుతున్నాను, అది ఇంకో రెండు రాడ్లకి సరిపోయేలా ఉంది.